అగాతమ్మ తేరు: మైనం, మోకులు, మూడు తాళంచెవులు

ఇటలీలోని కటానియాలో ఫిబ్రవరి 6 పొద్దున స్కూటరు బయటికి తీసేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఊరి పెద్దవీధులన్నీ ఎట్నా అగ్నిపర్వతపు లావా రాతి పలకలతో పరిచినవి. నల్లగా, నున్నగా ఉంటాయి. ముందు మూడు రోజులూ వేలాది కొవ్వొత్తులు ఆ పలకల మీద కారి ఉంటాయి. ఆరిన మైనం పొర పైకి కనిపించదు, బ్రేకు వేసినప్పుడే తెలుస్తుంది. పైన నాలుగు చినుకులు పడితే ఇక చెప్పక్కర్లేదు.

ఆ మైనమంతా విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి పునీత అగాత పండుగ కోసం. మన కథోలిక ఇళ్లల్లో పాతతరం ఆడవాళ్లకు అగాతమ్మ అనే పేరుంది కదా, ఆ అగాతే. సిసిలీ దీవి తూర్పు ఒడ్డున, ఎట్నా కొండ కింద ఉన్న కటానియా ఆమె ఊరు. పుట్టింది మా దగ్గరేనని పలెర్మో వాళ్ళు కూడా వాదిస్తారు. చనిపోయింది మాత్రం కటానియాలోనే, దాని మీద తగాదా లేదు.

ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. ఆమె గురించి మనకు ఖాయంగా తెలిసింది చాలా కొంచెం. ఆమెకు జరిగే పూజ గురించి తెలిసింది మాత్రం మీటర్లలో, కిలోల్లో, తాళంచెవుల లెక్కతో సహా చెప్పొచ్చు. ఈ రెండూ కలిపేస్తేనే చిక్కు. చాలా పుస్తకాల్లో, పండుగరోజు ప్రసంగాల్లో జరిగేది అదే.

ఖాయంగా నిలిచేది

క్రీ.శ. 250 మొదట్లో రోమా చక్రవర్తి డేసియస్ ఒక ఆజ్ఞ వేశాడు. సామ్రాజ్యంలో ఉన్న ప్రతివాళ్ళూ అధికారుల ముందు దేవతలకు బలి ఇవ్వాలి, ధూపం వేయాలి, బలి మాంసం రుచి చూడాలి. చేసినందుకు రసీదు పుచ్చుకోవాలి. ఈ రసీదులు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. అన్నీ ఒకే మూస: పేరు, ఊరు, వయసు, 'నేనెప్పుడూ దేవతలకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడా ఇచ్చాను' అనే మాట, కింద సాక్షి సంతకం. క్రైస్తవులు పట్టుబడింది ఈ కాగితం దగ్గరే. వాళ్ళను వెతికి పట్టుకోవడానికి పుట్టిన చట్టం కాదిది, అందరికీ పెట్టిన పరీక్ష. రసీదు లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బయటపడతారు.

అగాత మరణం 251 ఫిబ్రవరి 5 అని సంప్రదాయం. ఆ ఏడాది వేసవిలోనే డేసియస్ 'గోతులు' అనే జర్మన్ తెగవాళ్ళతో యుద్ధంలో చచ్చిపోయాడు, హింస చల్లబడింది.

తేదీకి గట్టి సాక్ష్యం ఉంది. ఆరో శతాబ్దం తొలిభాగం నాటి కార్తేజు క్రైస్తవ పంచాంగంలో ఫిబ్రవరి 5కి ఆమె పేరు రాసి ఉంది. అంటే సముద్రం అవతల ఆఫ్రికాలో కూడా అప్పటికే ఆమె పండుగ జరిగేది. రవెన్నాలో సంత్ అపొల్లినారె నువోవొ గుడి గోడ మీద అదే శతాబ్దపు మొజాయికులో కన్యల ఊరేగింపులో ఆమె కూడా నడుస్తోంది. రోమాలో ఐదో శతాబ్దంలో వేరే శాఖ క్రైస్తవులైన గోతులు వాడుకున్న ఒక గుడిని గ్రెగొరీ పోపుగారు మళ్ళీ అభిషేకించి కథోలికులకు ఇచ్చారు. అది అగాత పేరు మీదే ఉంది.

గుడిలో జరిగే దివ్యపూజలో మొదటి ప్రధాన ప్రార్థన, అంటే రోమా కానన్ చదివిన రోజున ఏడుగురు స్త్రీల పేర్లు వరసగా వస్తాయి: ఫెలిసిత, పెర్పెతువ, అగాత, లూసియా, ఆగ్నేసు, సెసిలియా, అనస్తాసియా. ఇప్పుడు ఎక్కువచోట్ల చిన్నదైన రెండో ప్రార్థనే చదివేస్తారు కాబట్టి ఈ పేర్లు చెవిన పడటం తగ్గింది. ఫిబ్రవరి 5న మన మేత్రాసనాల్లో, అంటే బిషప్‌ల పరిధుల్లో కూడా ఆమె స్మరణే. నాలుగు రోజులు తిరిగితే గుణదల తిరునాళ్లు వచ్చిపడతాయి, అందరి ధ్యాసా అటే ఉంటుంది.

అన్నిటికంటే నన్ను కదిలించే ఆధారం అగాత పేరే లేని ఒక రాయి. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నాలుగో శతాబ్దం నాటిది. జూలియా ఫ్లోరెంటీనా అనే పసిపిల్ల సమాధి ఫలకం. పద్దెనిమిది నెలల ఇరవై రెండు రోజులు నిండిన ఆ పిల్ల చావుబతుకుల్లో ఉండగా రోమా లెక్కలో రాత్రి ఎనిమిదో గంటకు, అంటే అర్ధరాత్రి దాటాక, బాప్తిస్మం ఇచ్చారు. తర్వాత ఇంకో నాలుగు గంటలు బతికింది. తల్లిదండ్రులు గంటలు లెక్కపెట్టి మరీ చెక్కించారు. పిల్ల పుట్టింది వేరే ఊళ్లో, పూడ్చింది మాత్రం కటానియాలో, 'వేదసాక్షుల గుమ్మం ఎదుట'. అంటే అగాత చనిపోయిన వందేళ్ళలోపే ఆ ఊళ్లో వేదసాక్షుల సమాధులకు గుమ్మం ఉన్న కట్టడం ఉంది, బిడ్డను ఆ గుమ్మం దగ్గర పడుకోబెట్టాలని కన్నవాళ్ళు కోరుకున్నారు. వేదసాక్షి గౌరవం ఎలా మొదలవుతుందో ఈ ఒక్క రాయి చాలు చూపించడానికి. మొదట సమాధి, దాని పక్కన చోటు కోసం జనం. కథ రాయడం ఆ తర్వాతి సంగతి.

కథ

ఆమె 'పాసియో', అంటే హింసల చరిత్ర, లాటిన్లో, గ్రీకులో ఉంది. సంఘటన జరిగిన రెండు వందల ఏళ్ళకు పైబడి రాసింది. అందుకని అందులో సంభాషణలను కోర్టు రికార్డులా చదవకూడదు. అలాగని పారేయనూ కూడదు, ఊరు చేసే ప్రతి పనికీ మూలం అందులోనే ఉంది.

సిసిలీ అధిపతి క్వింతియానుస్. అగాత పెద్దింటి పిల్ల, దేవునికి కన్యగా అంకితమైంది. అతను ఆమెను కోరాడు, కాదంది. ఆఫ్రొదీసియా అనే వేశ్యాగృహం యజమానురాలికి, ఆమె తొమ్మిదిమంది కూతుళ్లకు నెల రోజులు అప్పగించాడు. మనసు మారలేదు. విచారణలో అతని ప్రశ్న: గొప్ప వంశంలో పుట్టి దాసిలా బతుకుతావేం? ఆమె జవాబు: క్రీస్తుకు దాసి కావడమే అసలు గొప్ప వంశం. తర్వాత రొమ్ములు చిత్రహింస పెట్టి కోయించాడు. నువ్వు నీ తల్లి దగ్గర పాలు తాగలేదా, స్త్రీలో దాన్నే కోయడానికి సిగ్గులేదా అని అడిగింది. ఆ రాత్రి చెరసాలలో పేతురుగారు ముసలి వైద్యుడి రూపంలో వచ్చి మాన్పాడు. మళ్ళీ పట్టుకుని పెంకులు, నిప్పుల మీద దొర్లించారు. భూకంపం వచ్చింది, జనం తిరగబడ్డారు, క్వింతియానుస్ భయపడి చెరసాలకు వెనక్కి పంపాడు. అక్కడే ప్రార్థిస్తూ చనిపోయింది.

ఆమె కత్తి వేటుకు చనిపోలేదు, రొమ్ముల గాయంతోనూ కాదు. కోత మానిపోయింది, చివరి హింస నిప్పు. అందుకే ఆమెను నిప్పుకు, అగ్నిపర్వతానికి రక్షకురాలిగా కొలుస్తారు. రొమ్ము జబ్బులున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, నర్సులు కూడా ఆమెకే మొక్కుతారు. గంటలు పోతపోసేవాళ్ళు కూడా. వాళ్ళ సంగతి ముందుకొస్తుంది.

సమాధి చేసేటప్పుడు ఎవరో తెలియని యువకుడు పట్టుబట్టలు కట్టుకున్న వందమంది పిల్లలతో వచ్చి తలవైపు ఒక చలువరాతి పలక పెట్టాడట. దాని మీద మాటలు: 'పవిత్రమైన, తనంత తానుగా అర్పించుకున్న మనసు, దేవునికి మహిమ, మాతృభూమికి విముక్తి.' లాటిన్లో ఈ మాటల మొదటి అక్షరాలు కటానియా అంతటా కనిపిస్తాయి. మధ్యయుగాల్లో యూరపంతా గుడి గంటల మీద ఈ వాక్యం పోతపోసేవాళ్ళు. ఊళ్లో నిప్పంటుకుంటే మోగించేది గంటే కదా, అందుకని.

మరుసటి ఏడు ఎట్నా పేలింది. జనం ఆమె సమాధి మీది ముసుగు తీసుకెళ్లి లావాకు ఎదురు పట్టారు, ఫిబ్రవరి 5న అది ఆగిపోయింది. పాసియో ముగిసేది ఇక్కడ, పండుగ మొదలయ్యేదీ ఇక్కడే. సిరకూసాలో ఉండే లూసియా తన తల్లి రక్తస్రావం జబ్బు నయం కావాలని ఈ సమాధి దగ్గరికే వచ్చిందని ఆమె చరిత్రలో ఉంది. ఒక వేదసాక్షి కథ ఇంకో వేదసాక్షి సమాధి దగ్గర మొదలవుతుంది.

అవశేషాలు

1040లో బైజాంటియం సేనాని జార్జ్ మనియాకెస్ ఆమె శరీర అవశేషాలను కాన్‌స్టాంటినోపుల్‌కు తీసుకుపోయాడు. 86 ఏళ్ళ తర్వాత గిలిబెర్తో, గొసెల్మో అనే ఇద్దరు సైనికులు వాటిని అక్కడి నుంచి దొంగతనంగా తెచ్చారు. అంబులపొదుల్లో దాచి తెచ్చారని చెప్తారు. 1126 ఆగస్టు 17న ఊరు చేరాయి. లెక్క ప్రకారం 2026కి తొమ్మిది వందల ఏళ్ళు. శరీరం ముక్కలుగా వచ్చింది కాబట్టి ముక్కలుగానే భద్రపరిచారు. కాళ్ళు, చేతులు, రొమ్ము, ముసుగు వేరువేరు పెట్టెల్లో. తల, ఛాతీ భాగం మాత్రం వెండి స్వరూపం, అంటే విగ్రహం లోపల.

ఆ స్వరూపం నడుం దాకా ఉంటుంది. సియెనాకు చెందిన కంసాలి జొవాన్ని ది బార్తొలొ అవిన్యోన్‌లో చేశాడు, 1376లో పూర్తయింది. వెండి మీద మీనాకారీ, ముఖానికి చర్మపు రంగు. పైనంతా శతాబ్దాలుగా భక్తులు ఇచ్చిన నగలు. కిరీటం ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డ్ ఇచ్చాడని వాడుక. స్వరకర్త బెల్లీని ఆ ఊరివాడే, అతనికి ఫ్రాన్సు ఇచ్చిన పతకం కూడా ఆ నగల్లో ఉందంటారు.

ఇవన్నీ ఉండేది పెద్దగుడిలో కుడివైపు చిన్న గదిలో, ఇనుప తలుపు వెనక. తాళాలు మూడు, చెవులు మూడు, ముగ్గురి దగ్గర: కోశాధికారి, క్రతువులు చూసే గురువు, గుడి గురువుల మండలి పెద్ద. ముగ్గురూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఏడాది పొడుగునా ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి చూద్దామంటే స్వరూపం కనపడదు. ఇది తెలియక వేసవిలో వెళ్ళి ఇనుప తలుపుకు దండం పెట్టుకుని వచ్చేవాళ్ళు చాలామంది. వేసవిలోనే వెళ్ళాలనుకుంటే ఆగస్టు 17 చూసుకోవాలి. అవశేషాలు తిరిగొచ్చిన పండుగ, ఊరేగింపు చిన్నది, తొక్కిడి తక్కువ.

మూడు రోజులు ఎలా నడుస్తాయి

ఫిబ్రవరి 3 మధ్యాహ్నం మైనం కానుక. నిప్పుల హింస జరిగిందని చెప్పే చోట ఉన్న గుడి నుంచి పెద్దగుడికి ఊరేగింపు. బిషప్‌గారు, గురువులు, మేయరు, పాత సెనేటు బగ్గీలు. రాత్రి పెద్దగుడి ముందు బాణసంచా.

ఆ నిప్పుల గుడి, చెరసాల గుడి, మొదటి సమాధి ఉన్న పాత అగాత గుడి, మూడూ స్తెసికొరో కూడలి చుట్టుపక్కలే. నడిస్తే పది పదిహేను నిమిషాల్లో మూడూ చూడొచ్చు. కథ చదివి వెళ్తే ఈ వరసలో చూడండి: చెరసాల, నిప్పు, సమాధి.

4 తెల్లవారుజామున ముగ్గురూ తాళాలు తీస్తారు. స్వరూపం బయటికి వచ్చేసరికి గుడి లోపల తెల్ల రుమాళ్ళు ఒక్కసారిగా లేస్తాయి. అరుపు ఒకటే: 'చిత్తదీని, వివా సంతాగతా!', ఊరివాళ్ళారా, అగాతమ్మకు జై అని. వేకువ పూజ అయ్యాక స్వరూపాన్ని, అవశేషాల వెండి పెట్టెను తేరు మీదికి ఎక్కిస్తారు. ఆ రోజు బయటి చుట్టు: సముద్రం వైపు నుంచి, పాత ఊరి అంచుల వెంట, హింసల చోట్ల మీదుగా. తేరు మీద పూలు ఆ రోజు ఎరుపు ఛాయ కార్నేషన్లు, వేదసాక్ష్యానికి. మర్నాడు తెల్లవి, కన్యత్వానికి. ఫొటో ఏ రోజుదో పూలు చూసి చెప్పేయొచ్చు.

5 పొద్దున పెద్దపూజ, సాయంత్రం లోపలి చుట్టు, ఎత్నెయా వీధి వెంట. తిరిగి గుడి చేరేది 6 పొద్దున, ఒక్కోసారి బాగా పొద్దెక్కాక. కార్యక్రమం కాగితం మీద ఇచ్చే గంటలు నమ్మి తిరుగు టికెట్లు కొనుక్కోకూడదు.

భక్తులు వేసుకునేది 'సాక్కో': మడమల దాకా తెల్ల నూలు అంగీ, నడుముకు తాడు, తల మీద నల్ల వెల్వెట్ టోపీ, తెల్ల చేతిజోళ్ళు, చేతిలో రుమాలు. 1126 రాత్రి అవశేషాలు వచ్చాయని తెలిసి జనం పడుకున్న బట్టలతోనే పరుగెత్తారని, అదే ఈ అంగీ అని ఒక మాట. వినడానికి బాగుంది కానీ పశ్చాత్తాపానికి వేసుకునే ముతక అంగీ యూరపంతా ఉన్నదే, అదే ఇక్కడా నిలిచిందనడం సబబు. పనికొచ్చే సంగతి ఏమిటంటే చేతిజోళ్ళు అలంకారానికి కాదు. మోకు పట్టుకోవాలన్నా, మండే మైనం మోయాలన్నా అవి ఉండాలి.

మోకులు

తేరు వెండి రేకుల మండపం, ఆరు స్తంభాలు, పైకప్పు, కింద నాలుగు చక్రాలు. టన్నుల బరువు. ఇంజను లేదు. ముందు రెండు మోకులు, ఒక్కోటి వంద మీటర్లకు పైనే. వాటి వెంట తెల్ల అంగీల్లో వేలమంది రెండు వరసలుగా. మన రథోత్సవం చూసినవాళ్లకు పని అర్థమవుతుంది. తేడా ఒకటి: తాడు పొడుగు ఎక్కువ కాబట్టి ముందున్న మనిషికి తేరు కనబడదు, తేరు మీద ఉన్న నాయకుడికి తాడు కొస కనబడదు. సంకేతం చేతి నుంచి చేతికి, అరుపు నుంచి అరుపుకు పోవాలి.

తప్పు జరిగేది అక్కడే. ముందు వరసలు ఆగాయి, వెనకవాళ్లకు తెలియలేదు, నెట్టుకొచ్చారు. మోకు వదులవుతుంది, కాళ్ళకు చుట్టుకుంటుంది. అంతలో ఎవరో లాగితే ఒక్కసారిగా బిగుస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు రెండు సంగతులు చెప్తారు: రెండు మోకుల మధ్య ఎప్పుడూ నిలబడొద్దు, మోకును చేతికి చుట్టుకోవద్దు. పట్టు అరచేతిలోనే ఉండాలి, వదిలేయడానికి వీలుగా.

అసలు పరీక్ష సాన్ జూలియానో ఎక్కుడు. లోపలి చుట్టు చివర్లో, అర్ధరాత్రి దాటాక, ఒళ్ళు అలిసిపోయాక వస్తుంది. నిటారుగా ఉన్న ఆ వీధి మీదికి తేరును ఒక్క పరుగున లాగాలి. మధ్యలో ఆగితే టన్నుల బరువు వెనక్కి గుంజుతుంది. ఆగకుండా ఎక్కితే ఏడాదంతా మంచిదని నమ్మకం, అందుకే చూడ్డానికి జనం రెండు పక్కలా క్రిక్కిరిసి ఉంటారు. 2004లో ఈ ఎక్కుడు దగ్గర తొక్కిసలాటలో ఒక భక్తుడు చనిపోయాడు. నేల జారుడుగా ఉందనుకుంటే తేరు నాయకుడు ఎక్కుడు మానేసి తిన్నగా గుడికి మళ్ళిస్తాడు. అప్పుడు మాత్రం అతన్ని తిట్టనివాళ్ళు ఉండరు. ఆ నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం. అగాత కోసం ఇంకొకరు చావాల్సిన పని లేదు.

ఎక్కాక క్రొచీఫెరి వీధి. అక్కడ బెనెదిక్తు సభ మఠం కన్యస్త్రీలు, బయటికి రాని సభవాళ్ళు, గేటు దగ్గరికి వచ్చి పాడతారు. రెండు రోజుల అరుపుల తర్వాత ఆ కాసేపు వీధంతా నిశ్శబ్దం.

మైనం

మొక్కు లెక్క ఇది: అడిగింది జరిగితే తన ఎత్తు కొవ్వొత్తో, తన బరువు కొవ్వొత్తో ఇస్తానని. మన తులాభారం లాంటిదే. బిడ్డ కోసమైతే బిడ్డ బరువుకు సరి. పెద్దవి ఒక మనిషి భుజం మీద మోయలేనంత ఉంటాయి, ఇద్దరు ముగ్గురు మారుస్తూ తీసుకెళ్తారు. వెలిగించి భుజాన వేసుకుని, మంట ముందుకు వంచి, గంటల తరబడి నడుస్తారు. తేరు కాసేపు ఆగినప్పుడు పైకి అందిస్తారు. పసిపిల్లల్ని కూడా అలాగే అందించి స్వరూపానికి తాకించి తీసుకుంటారు.

వంచిన కొవ్వొత్తి నిలువుదానికంటే ఎక్కువ కారుతుంది. మంట పక్కవైపు అంచును కరిగించేస్తుంది, కరిగిన మైనం వత్తికి అందకుండానే కింద పడిపోతుంది. లావైన కొవ్వొత్తులకు లావు వత్తి, మంట పెద్దది, గాలికి చిమ్ముతుంది. రాతి పలకలు ఫిబ్రవరి చలికి చల్లగా ఉంటాయి కాబట్టి పడ్డది పడ్డట్టు గడ్డకడుతుంది, వేల కాళ్ళు తొక్కి నునుపు చేస్తాయి. మీద రంపపు పొట్టు చల్లుతారు. పొట్టు తాజాగా ఉన్నంతసేపు పట్టు ఉంటుంది. మైనంతో తడిసి ముద్దయ్యాక అదే ఇంకో జారుడు పొర. అందుకే ఏ వీధుల్లో వెలిగించాలి, ఎక్కడ కూడదు అని నగరపాలక సంస్థ ఆంక్షలు పెడుతుంది. జనం పాటించేది కొంతే. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు అడుగున గాట్లున్న రబ్బరు బూట్లు వేసుకోవాలి, మంచి కోటు ఇంట్లో వదిలేయాలి. బట్ట మీద పడిన మైనం అక్కడికక్కడే రుద్దితే లోపలికి పోతుంది. ఆరనిచ్చి, గోటితో లేపి, పైనా కిందా కాగితం వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కాగితం పీల్చుకుంటుంది.

కొవ్వొత్తి అనే మాటకే ఇంకో రూపం 'కందెలోర'లు. చేతివృత్తుల సంఘాలవాళ్ళవి: రొట్టెలు చేసేవాళ్ళు, మాంసం కొట్లు, చేపల అంగళ్ళు, పండ్లవాళ్ళు. బంగారు పూత వేసిన చెక్క గోపురాలు, నాలుగు వందల నుంచి తొమ్మిది వందల కిలోల దాకా. నలుగురి నుంచి పన్నెండు మంది భుజాల మీద మోస్తారు. రొట్టెలవాళ్ళది అన్నిట్లోకీ బరువు, దాన్ని 'అమ్మ' అంటారు. మోసేవాళ్ళు తిన్నగా నడవరు, ఊయలలా అటూ ఇటూ ఊగిస్తూ నడుస్తారు. చూపు కోసమే అనుకుంటాం గానీ, అడుగులు ఒక తాళంలో పడకపోతే బరువు ఒక్కడి భుజం మీద పడుతుంది. ఆ ఊపే అందర్నీ ఒక లయలో ఉంచుతుంది.

ముసుగు, లావా

ముసుగు నాలుగు మీటర్ల దాకా పొడుగున్న ఎర్రటి బట్ట. తెల్లగా ఉండేదని, లావా ముందు పట్టినప్పుడు ఎర్రబడిందని చెప్తారు. 1886లో లావా నికొలోసి ఊరి మీదికి వస్తుంటే ఆర్చిబిషప్ దుస్మెత్ గారు ముసుగు తీసుకుని కాలినడకన ఎదురెళ్ళారు. ఊరికి కొద్ది దూరంలో ప్రవాహం ఆగింది. ఇది అందరూ చెప్తారు. 1669లో లావా కటానియా గోడలు దాటి ఊరి పడమటి భాగంలోకి వచ్చిందని, 1693 జనవరి 11 భూకంపం ఊరినే నేలమట్టం చేసిందని మాత్రం పండుగ ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది. ఊరివాళ్లకు అది మరుగేమీ కాదు. ఇప్పుడు కనిపించే వీధులు, గుడులు దాదాపు అన్నీ 1693 తర్వాత కట్టినవే. తేరు లాగేది కూలి మళ్ళీ లేచిన ఊళ్లోనే.

బొమ్మ చూసి గుర్తుపట్టడం

చేతిలో పళ్ళెం, అందులో రెండు రొమ్ములు. లేదా పట్టకారు. పక్కన ఖర్జూర మట్ట. పళ్ళెంలో కళ్ళుంటే ఆమె లూసియా, అగాత కాదు. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. పళ్ళెంలోవి రొట్టెలో, గంటలో అనుకోవడం వల్లే ఫిబ్రవరి 5న కొన్ని దేశాల్లో అగాత రొట్టెలను ఆశీర్వదించడం, గంటలు పోసేవాళ్ళు ఆమెను తమ పునీతురాలిగా పెట్టుకోవడం వచ్చాయని అంటారు.

కటానియా మిఠాయి దుకాణాలవాళ్ళు ఏ పొరపాటూ పడలేదు. 'మిన్నుజ్జి' అని రొమ్ము ఆకారంలోనే చేసి, రెండేసి చొప్పున అమ్ముతారు. కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఊరి ఆడవాళ్లకైతే అది కోసిన అవయవం కాదు, రాత్రికి రాత్రి తిరిగొచ్చిన అవయవం.

ఎనిమిది ముక్కలకు: రికొత్తా అర కిలో, పంచదార 150 గ్రాములు, చిన్న చాక్లెట్ పలుకులు 50 గ్రాములు, పంచదార పట్టించిన నారింజ తొక్క ముక్కలు 40 గ్రాములు. రికొత్తా అంటే పనీరు కాదు. జున్ను విరిచాక మిగిలిన తేట నీళ్ళను మళ్ళీ కాస్తే పైకి తేలే మెత్తటి తెట్టు. అక్కడ గొర్రె పాలది వాడతారు. దాన్ని జల్లెడలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో నీళ్ళు ఓడ్చాలి. ఈ పనిలో తొందరపడితే అంతా పోయినట్టే: మిగిలిన నీరు మర్నాటికి కేకులోంచి ఊరి, పైన పోసిన పంచదార పూతను పసుపురంగు మచ్చలతో పగలగొడుతుంది. పంచదార కలిపి జల్లెడ పట్టి నునుపు చేశాక పలుకులు కలపాలి. ఎనిమిది సెంటీమీటర్ల అర్ధగోళం అచ్చుల్లో పల్చటి స్పాంజి కేకు పరిచి, తీపి సారా లేదా నారింజ రసం చిలకరించి, లోపల నింపి, కేకు బిళ్ళతో మూసి, మూడు నాలుగు గంటలు చల్లబెట్టాలి. పైన పూతకు పొడి పంచదార 300 గ్రాములు, నిమ్మరసం ఒక చెంచా, నీళ్ళు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, గరిటె నుంచి వెడల్పుగా మెల్లగా జారేదాకా చుక్కలు చుక్కలుగా కలపాలి. ఒక్క ఊపులో పైనుంచి పోయాలి. రెండోసారి సర్దితే గీత పడుతుంది. చెర్రీ తడి తుడిచి పెట్టాలి, లేకపోతే ఎర్ర రంగు తెల్ల పూత మీదికి కారుతుంది. ఈ మిఠాయికి అది మరీ అన్యాయంగా కనిపిస్తుంది.

ఇంకొకటి 'ఒలివెత్తె'. అగాత పారిపోతూ చెప్పు తాడు కట్టుకోవడానికి వంగితే అక్కడ అడవి ఆలివ్ చెట్టు మొలిచి ఆమెను దాచిందని కథ. బాదం పొడి, పంచదార చెరో 200 గ్రాములు. 50 మిల్లీలీటర్ల నీళ్లతో పంచదార తీగపాకం పట్టి, బాదం పొడి, ఆకుపచ్చ రంగు వేసి దగ్గరపడ్డాక దించి, చల్లారాక మర్దించి ఆలివ్ కాయలంత ఉండలు చేసి, పంచదారలో దొర్లించాలి. బాదం మిక్సీలో ఆపకుండా తిప్పితే వేడెక్కి నూనె వదులుతుంది, ఉండ జిడ్డుగా తయారై పంచదార అంటదు. ఆపి ఆపి తిప్పాలి, లేదా కొంచెం పంచదార కలిపి తిప్పాలి. వారం పది రోజులు నిలవుంటాయి. అంటే 12వ తేదీ దాకా, అష్టాహ్నం, అంటే పండుగ ఎనిమిది రోజులూ ముగిసేదాకా. అప్పటికి వీధుల్లో మైనం కూడా చాలావరకు గీకేసి ఉంటారు.